చంపీ నుండి షాంపూ వరకు: తలంటు చరిత్రలో మన పాలు

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. బావి గట్టు మీద, పెరటి మందార చెట్టు క్రింద, వేణ్ణీళ్ల కాగు దగ్గర జరిగిన చరిత్రను వ్రాసినవారు తక్కువ. ఈ సంచికలో మేము అటువంటి ఇంటి చరిత్ర ఒకటి సంఘ సభ్యుల ముందు, ముఖ్యంగా మన తల్లులు, అక్కచెల్లెళ్ల ముందు ఉంచదలచినాము. అది తలంటు చరిత్ర.

ఇదేమంత పెద్ద విషయమని కొందరు అనుకోవచ్చు. కాని ఒకసారి నెల సరుకుల చీటీ తీసి చూడండి. షాంపూ పొట్లాలు, షాంపూ తరువాత జుట్టు మెత్తబడటానికి కండిషనర్ పొట్లాలు, నూనె సీసా, పెద్దవాళ్లకు తల రంగు. నలుగురు ఆడపిల్లలున్న ఇంట్లో ఈ ఖర్చు తక్కువేమీ కాదు. పైగా సీసా మీద "నేచురల్", "హెర్బల్" అని అచ్చు, ప్రక్కన ఒక పచ్చటి ఆకు బొమ్మ. లోపల ఉన్నది ఆకా, లేక బొమ్మ వరకేనా? రోజూ తలకు పెట్టుకోదగిన చెట్టు వస్తువు ఏది? ఈ ప్రశ్నకు జవాబు కొంత శాస్త్రంలోను, చాలావరకు మన పెద్దల చరిత్రలోను ఉన్నది.

1. మాట మనదే

మేము బడిలో ఉర్దూ చెప్పేవారము. ఏ మాట వినబడినా దాని ఊరు, పేరు అడగటం మాకు అలవాటు. "షాంపూ" అనేది పుట్టుకతో ఇంగ్లీషు మాట కాదు. హిందీ, ఉర్దూలలో "చాంప్‌నా" అంటే నొక్కుట, పిసుకుట. "చాంపో" అంటే నొక్కమని చెప్పుట. మంగలి దుకాణంలో ఇప్పటికీ వినిపించే "చంపీ" దీని చుట్టమే. తెలుగువారు ఆ మాట విని భయపడవలసిన పని లేదు, అది తల మర్దన మాత్రమే! కంపెనీ దొరలు ఈ మాటను తమ దేశానికి పట్టుకొని పోయినారు. 1762 నాటికే అది ఇంగ్లీషు వ్రాతలలో కనబడుతున్నది.

ఆ మాటకు ఇంగ్లాండులో పేరు తెచ్చినవాడు ముస్లిం కుటుంబంలో పుట్టిన ఒక భారతీయుడు. ఆయన షేక్ డీన్ మహమ్మద్. 1759లో పాట్నాలో జన్మించాడు. చిన్న వయసులోనే కంపెనీ సైన్యం వెంట వెళ్లి, 1784లో ఐర్లండులోని కార్క్ పట్టణం చేరాడు. 1794లో తన ప్రయాణాల గురించి ఇంగ్లీషులో గ్రంథం ప్రచురించాడు. ఇంగ్లీషులో పుస్తకం వ్రాసి అచ్చువేసిన మొదటి భారతీయుడు ఆయనే. 1810లో లండనులో హిందూస్తానీ కాఫీ హౌస్ అనే భోజనశాల తెరచి నష్టపోయాడు. అయినా కూలబడలేదు. 1814లో బ్రైటన్ అనే సముద్రతీర పట్టణానికి వెళ్లి, మూలికల ఆవిరితో, నూనెతో ఒళ్లు పట్టే స్నానశాల నడిపాడు. రోగిని గుడ్డ గుడారంలో కూర్చోబెట్టి మూలికల ఆవిరి పట్టేవారు. గుడారానికి కుట్టిన చేతి తొడుగుల వంటి సందుల గుండా బయటి మనిషి చేతులు పెట్టి ఒళ్లు నొక్కేవాడు. దీనికే "షాంపూయింగ్" అని పేరు. వైద్యులు తమ రోగులను ఆయన వద్దకు పంపేవారు. నాలుగవ జార్జి, నాలుగవ విలియం రాజులకు ఆయన "షాంపూయింగ్ సర్జన్"గా నియమితుడైనాడు. 1851లో కాలం చేశాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. డీన్ మహమ్మద్ చేసినది మర్దన, తల కడగటం కాదు. 19వ శతాబ్దం రెండవ సగంలో గాని ఆ మాట తల కడిగే నురగకు వర్తించలేదు. అంటే మాట మన దేశం నుండి పోయి, అర్థం మార్చుకొని, సీసాలో కూర్చొని, ధర చీటీ అతికించుకొని మన ఇంటికే తిరిగి వచ్చింది.

2. కడగటం వేరు, మెత్తబరచటం వేరు

మరి తల దేనితో కడిగేవారు? ఇది చెప్పేముందు ఒక భేదం తెలియాలి. తలకు రెండు పనులు చేయాలి. ఒకటి జిడ్డు, దుమ్ము పోగొట్టడం. రెండు, కడిగిన జుట్టు గడ్డిలా బిరుసెక్కకుండా మెత్తబరచటం. ఇవాళ మొదటిదానికి షాంపూ అని, రెండవదానికి కండిషనర్ అని పేర్లు. మన పెద్దలకు ఈ పేర్లు తెలియవు గాని రెండు పనులూ తెలుసు.

వెంట్రుక మీద చేప పొలుసుల వంటి సన్నని పొర ఉంటుంది. సబ్బులోని క్షారం తగిలితే ఆ పొలుసులు పైకి లేస్తాయి. లేచిన పొలుసులు ఒకదానికొకటి తగులుకొని చిక్కు పడుతుంది. కొంచెం పులుపు తగిలితే అణగుతాయి. మనం "కుంకుడు పులుసు" అని ఊరికే అనలేదు. ఆ రసం స్వభావంలోనే కొద్ది పులుపున్నది. కుంకుడు, సీకాయలలో సపోనిన్ అనే నురగ పదార్థం ఉంటుంది. అది జిడ్డును లాగివేస్తుంది. కుంకుడు కాస్త కరుకు, సీకాయ దానికంటే సౌమ్యం.

ఇక మెత్తబరచే పని బంక ఉన్న ఆకులది, గింజలది. మందారాకు నలిపితే జారుడు బంక వస్తుంది. మెంతులు నానితే అలాగే. కలబంద గుజ్జు, అన్నం వార్చిన గంజి కూడా ఈ తరగతివే. ఈ బంక వెంట్రుక మీద పలుచని పొరగా నిలిచి, దువ్వెన జారేటట్లు చేస్తుంది. సీసా కండిషనర్‌లో ఈ పనిని ప్రయోగశాలలో తయారైన పదార్థాలు చేస్తాయి. పని ఒకటే, మార్గాలు వేరు.

3. రేగాకు, ఖత్మీ, హకీములు

ఇస్లాంలో శుభ్రత ఈమాన్‌తో ముడిపడిన సంగతి అందరికీ తెలిసినదే. గుస్ల్‌లో నీరు తల కుదుళ్లకు చేరాలి. జుట్టు ఉన్నవారు దానిని గౌరవంగా చూసుకోవాలని అబూ దావూద్ సంకలనంలోని హదీసు తెలుపుతున్నది. అరబ్బులు తల కడగటానికి రెండు చెట్లను ఎక్కువగా వాడేవారు. ఒకటి సిద్ర్, రెండవది ఖత్మీ.

సిద్ర్ అంటే మన రేగు జాతి చెట్టు. ఉర్దూలో బేరీ అంటాము. దీని ప్రస్తావన ఖుర్‌ఆన్ షరీఫ్‌లోను ఉన్నది. ఆకు నలిపి నీటిలో కలిపితే సన్నని నురగ వస్తుంది. ప్రవక్త (స) వారి కుమార్తె పరమపదించినప్పుడు, నీటితోను సిద్ర్ ఆకుతోను గుస్ల్ చేయించి చివర కర్పూరం వాడవలసిందిగా ఆదేశించినట్లు ఉమ్మె అతియ్యా (ర) గారి ద్వారా మనకు తెలుస్తున్నది. ఆ తల్లి జుట్టును దువ్వి మూడు జడలు అల్లినారట. ఆఖరి స్నానంలో సైతం జుట్టుకు ఇంత మర్యాద!

ఆ సున్నత్ మన ఇళ్లలో ఇప్పటికీ నడుస్తున్నది. మయ్యత్‌కు స్నానం చేయించేటప్పుడు బేరీ ఆకు వేసి కాచిన నీళ్లు కావాలని వెతుకుతాము. ఆ రోజు ఎవరి దొడ్లో రేగు చెట్టు ఉన్నదో ఊరంతా అడుగుతాము. కాని బ్రతికి ఉన్నవారి తలకు ఆ ఆకు మంచిదన్న సంగతి మరచినాము. బ్రతికినన్నాళ్లూ పొట్లం షాంపూ, పోయిన రోజున రేగాకు నీళ్లు! ఇది ఆలోచించవలసిన విషయం కాదా?

రెండవది ఖత్మీ. దీని వేరు, పువ్వు, ఆకు అన్నిటా బంక ఉంటుంది. యునానీ హకీములు నేటికీ దగ్గు మందులలో వాడతారు. వృక్షశాస్త్రం ప్రకారం ఖత్మీ, మన మందార ఒకే కుటుంబానికి చెందినవి. బెండ, గోంగూర, పత్తి కూడా ఆ కుటుంబంలోనివే. అరబ్బు ఇల్లాలు ఖత్మీతో చేసిన పనిని గుడివాడ ఇల్లాలు మందారాకుతో చేసింది. ఇద్దరూ ఒకరినొకరు చూడలేదు, అయినా చేయి ఒకే జాతి ఆకు మీదికి పోయింది.

మన వైద్యులు జుట్టును చిన్నచూపు చూడలేదు. 1013లో మరణించిన కార్డోబా వైద్యుడు అల్ జహ్రావీ 30 భాగాల తన "తస్రీఫ్" గ్రంథంలో 19వ భాగాన్ని సౌందర్య పోషణకే కేటాయించాడు. 1037లో మరణించిన ఇబ్నె సీనా తన "ఖానూన్" నాలుగవ సంపుటంలో జుట్టు సంగతులను వైద్యంలో భాగంగా చర్చించాడు. ఆ యునానీ విద్యకు తెలుగుదేశంలో గట్టి పునాది పడినది కుతుబ్‌షాహీల కాలంలో. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదులో దారుష్షిఫా అనే వైద్యశాలను 1595లో కట్టించాడు. నేడు కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ వైద్య కళాశాల ఆ విద్యను నేర్పుచున్నది.

4. బందరు రేవు, మన నీళ్లు

ఇక మన ప్రాంతానికి వద్దాము. "బందర్" అంటేనే పారసీకంలో రేవు. కుతుబ్‌షాహీ రాజ్యానికి మచిలీపట్నం ప్రధానమైన రేవు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను ఇక్కడికి వచ్చి వర్తకం పెట్టినారు. వారికి ముందే పారసీక, అరబ్బు వర్తకుల ఓడలు ఇక్కడ లంగరు వేసేవి. ఇక్కడి అద్దకం బట్టలు అటు పోయేవి, అటు నుండి గుర్రాలు, ఎండు పండ్లు, పన్నీరు ఇటు వచ్చేవి. సరుకుతో పాటు అలవాట్లు కూడా దిగుమతి అవుతాయి కదా! అత్తరు, గులాబీ నీరు వంటి వాటి రుచి బందరు వీధులకు ఆ విధంగా తెలిసింది.

అయితే తల కడిగే వస్తువు కోసం మనవాళ్లు ఓడల వైపు చూడలేదు. ఇరుగుపొరుగు హిందూ సోదరుల ఇళ్లలో ఏది ఉన్నదో మన ఇళ్లలోను అదే. వారు కుంకుడు అన్నది మనకు రీఠా. వారి ఉసిరిక మన ఆమ్లా. వారి గుంటగలగర మన భంగ్రా. వారి కలబంద మన ఘీక్వార్. వారి మందార మన గుడ్‌హల్. వారి గోరింట మన మెహందీ. వారి ఇంట్లో శుక్రవారం, శనివారం తలంటు, మన ఇంట్లో జుమ్మా నమాజుకు ముందు స్నానం. ఆషాఢంలో వారి అమ్మాయిలు, ఈద్ చాంద్ రాత్రి మన అమ్మాయిలు అదే గోరింట చెట్టు ఆకు దూసుకున్నారు. పేర్లు రెండు, చెట్టు ఒకటి.

మన డెల్టా నీటికి కూడా ఈ వస్తువులు సరిపోయినాయి. బందరు నుండి దివిసీమ వరకు సముద్రం వైపు ఊళ్లలో చాలాచోట్ల బావి నీరు ఉప్పన. అటువంటి నీటిలో సబ్బు సరిగా నురగదు. తెల్లటి తెట్టె కట్టి వెంట్రుకలకు అంటుకుంటుంది. కుంకుడు నురగకు ఈ తెట్టె కట్టే గుణం లేదు. 1855లో బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన తరువాత చాలా గ్రామాలకు మంచి నీరు అందింది. ఆ నీటితోనే వరి పండింది, వరితో గంజి దండిగా దొరికింది. కుంకుడు పులుసులో గంజి కలిపి తలంటిన ఇళ్లు మన డెల్టాలో ఎన్నో. కుంకుడు కడిగేది, గంజి మెత్తబరచేది. ఇవాళ "టూ ఇన్ వన్" అని అమ్మే సరుకు ఇదే కాదా?

5. సీసా, పొట్లం వచ్చిన వైనం

1903లో బెర్లిన్ నగరంలో హాన్స్ ష్వార్జ్‌కాఫ్ అనే మందుల వర్తకుడు నీటిలో కలుపుకొనే తల పొడిని పొట్లాలలో అమ్మినాడు. 1927లో ఆయన సంస్థే ద్రవ రూపంలో తెచ్చింది. 1934లో అమెరికాలో సబ్బు లేని కృత్రిమ నురగతో డ్రీన్ అనే షాంపూ వచ్చింది. మన దేశంలో సన్‌సిల్క్ 1964లో ప్రవేశించింది. అప్పట్లో సీసా షాంపూ కలవారి వస్తువు. పేదవాని వాకిటికి దానిని తెచ్చినది మన పొరుగు రాష్ట్రం. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ గారు చిన్న పొట్లాలలో సరుకు అమ్మే ఆలోచనకు ఆద్యులు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ గారు 1983లో చిక్ షాంపూ మొదలుపెట్టినారు. కూలి చేసుకొనే ఇల్లు కూడా ఆ రోజుకు కావలసినంత కొనుక్కోగలిగింది. ఇది మెచ్చదగిన వర్తక తెలివి, అనుమానం లేదు.

సీసా సరుకంతా విషమని మేము అనటం లేదు. కళ్లల్లో పడితే కుంకుడు కూడా మండిస్తుంది. ప్రకృతిలో పుట్టినంత మాత్రాన ప్రతిదీ అమృతం కాదు, కర్మాగారంలో పుట్టినంత మాత్రాన ప్రతిదీ చెడ్డది కాదు. కాని "హెర్బల్" అన్న ఒక్క మాటకు ఎక్కువ ధర పెట్టేముందు, వెనుక సన్న అక్షరాలలో ఏమేమి కలిసినదో చదవాలి. పేరు మీద ఉన్న ఆకు ఆ జాబితాలో అట్టడుగున ఉంటే, మనం కొన్నది ఆకును కాదు, పేరును.

6. నల్ల మెహందీ – ఒక హెచ్చరిక

ఈ విషయం ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది. మెహందీ మన షాదీ ఇళ్ల శోభ, పెద్దల గడ్డాల వన్నె. అది మంచి కండిషనర్ కూడా. దానిలోని రంగు పదార్థం వెంట్రుకకు అంటుకొని పొరగా నిలిచి దానిని దట్టంగా కనబరుస్తుంది. రాజస్థాన్‌లోని సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

అయితే అసలు మెహందీ ఇచ్చేది ఎరుపు, నారింజ రంగు మాత్రమే. నలుపు కావలసినవారు పూర్వం మెహందీ తరువాత వస్మా, అంటే నీలి ఆకు పొడి, గంటల తరబడి పెట్టుకొనేవారు. అరగంటలో కారునలుపు ఇచ్చే "కాలీ మెహందీ" పొడులలో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. కొందరికి దానివల్ల తల, కనురెప్పలు, ముఖం వాచి, పొక్కులు లేచి, చర్మం రసి కారుతుంది. ఒకసారి పడనివారికి తరువాత ప్రతిసారీ పడదు. కడుపులోకి పోతే ప్రాణానికే ముప్పు. పొట్లం మీద మెహందీ అని ఉన్నది కదా అని చిన్నపిల్లల చేతులకు పెట్టవద్దు. మెహందీ పేరు మన గౌరవం. ఆ పేరు చాటున మరొకటి అమ్మితే తెలుసుకొని దూరంగా ఉంచటం మన బాధ్యత.

7. రోజువారీకి ఏది?

చరిత్ర చదివి ఊరుకుంటే ఏమి ఫలం? కనుక సోదరీమణుల సౌకర్యార్థం కొన్ని మాటలు చెప్పి ముగిస్తాము.

మొదటిది, కుంకుడుతో ప్రతిరోజూ తల రుద్దవద్దు. వారానికి రెండుసార్లు చాలు. మిగిలిన రోజులలో తల తడపవలసి వస్తే వట్టి నీళ్లు, లేదా మందారాకు రసం సరిపోతుంది.

రెండవది, అందరికీ అందుబాటులో ఉండేది మందారాకు. గుప్పెడు ఆకు కడిగి, నీటిలో నలిపి, పలుచని గుడ్డలో వడకట్టాలి. తల కడిగిన తరువాత ఈ రసాన్ని జుట్టుకు పట్టించి పది నిమిషాలుంచి కడిగివేయాలి. ఖర్చు లేదు, పెరట్లో ఒక్క కొమ్మ పాతితే చాలు.

మూడవది, జుట్టు మరీ పొడిగా ఉన్నవారు రెండు చెంచాల మెంతులు రాత్రి నానబెట్టి ఉదయం మెత్తగా రుబ్బి పెట్టుకోవచ్చు. జిడ్డు తల ఉన్నవారికి రేగాకు, సీకాయ మేలు. కలబంద వాడేవారు పట్ట క్రింద కారే పసుపు పాలను కడిగివేసి లోపలి గుజ్జు మాత్రమే తీసుకోవాలి. ఆ పాలు దురద పుట్టిస్తాయి.

నాలుగవది, తలంటుకు ముందు కొబ్బరినూనె రాయటం వట్టి ఆచారం కాదు. అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు దానిలోని మాంసకృత్తులు పోకుండా కొంత కాపాడుతుందని 2003లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. ఆ పరిశోధన కొబ్బరినూనె అమ్మే కంపెనీ వారిదే అన్న సంగతి కూడా చదువరులు గుర్తుంచుకోవాలి.

ఐదవది, ఏ కొత్త వస్తువైనా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడాలి. పచ్చి ఆకు రసం ఏ రోజుది ఆ రోజే, నిలవ ఉంచితే పులిసిపోతుంది. జుట్టు కుచ్చులుగా రాలుతుంటే ఆకు వైద్యంతో కాలయాపన చేయక డాక్టరుకు చూపించాలి. రక్తహీనత, థైరాయిడ్ వంటి కారణాలు ఉండవచ్చు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఆరవది, కుంకుడు, సీకాయ కొనేవారు వీలైతే గిరిజన సహకార సంస్థ సరుకు అడగండి. 1956లో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థ మన్యం గిరిజనుల నుండి అటవీ సరుకు సేకరిస్తుంది. మన తలంటు మరొక బీద ఇంటి పొయ్యి వెలిగిస్తే అంతకన్న కావలసినదేమి?

ఒక సూచన మాత్రం చేయదలచినాము. మన ఖబరస్తాన్ గోడ వెంబడి, మసీదు ఆవరణలో, బడి దొడ్లో రేగు, మందార, గోరింట మొక్కలు తలా రెండు నాటుదాము. మయ్యత్ రోజున ఆకు కోసం ఊరంతా తిరగవలసిన అవసరం తప్పుతుంది. బ్రతికి ఉన్నవారికి రోజూ ఉపయోగపడుతుంది. ఏ కులం, ఏ మతం అమ్మ వచ్చి కొమ్మ వంచినా కాదనవద్దు. చెట్టు నాటటం సదఖా అని మనకు నేర్పినారు కదా!

మాట మనది, ఆకు మనది, విద్య మనది. తెలివి మాత్రం పొట్లంతో పాటు కొనుక్కోనవసరం లేదు. అల్లాహ్ మనకు శుభ్రతను, ఆరోగ్యాన్ని, ఇరుగుపొరుగుతో కలిసిమెలిసి ఉండే మనసును ప్రసాదించుగాక. ఆమీన్.